తుప్పు పట్టని క్లిప్పు

దాగ్నీ గురించి రాయమని మునిసిపల్ ఆఫీసు వాళ్ళు నన్నడిగినప్పుడు సరేనన్నాను గానీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మూడు రోజులు తల గోక్కున్నాను. ఇరవై అయిదేళ్ళు ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చున్నాం. ఆవిడ చెప్పు చప్పుడు విని కోపంలో ఉందో లేదో చెప్పగలిగేదాన్ని. అయినా ఆ మనిషి నాకు అర్థమైందని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేను. ఇప్పటికీ సగం తికమకే.

ఆవిడ పని క్లిప్పులు తీయడం. నవ్వకండి. జీతమిచ్చి చేయించే పనే అది. పాత కాగితాల్ని శాశ్వతంగా దాచాలంటే ముందు వాటికున్న ఇనుమంతా తీసెయ్యాలి. లేకపోతే తుప్పు కాగితాన్ని తినేస్తుంది. ఓస్‌విక్ ఊరి కాగితాలు నూరేళ్ళవి, బడివి, చేపల రేవువి, చర్చివి, అన్నీ మా దస్త్రాల గదికే వచ్చేవి. దాగ్నీ పలచటి రేకు ముక్కని క్లిప్పు కిందకి జొనిపి, ఇంకో ముక్కని పైన పెట్టి, కాగితానికి నొప్పి కలగకుండా క్లిప్పుని పైకెత్తేది. తర్వాత నూలు పట్టీతో కట్టేది. తీసిన క్లిప్పుల్ని సంవత్సరాల వారీగా జామ్ సీసాల్లో వేసి అల్మరా మీద వరసగా పెట్టేది. వాటినేం చేసుకుంటావని అడిగితే, "నీకెందుకు పిల్లా, నీ సీసాలా?" అనేది. నాకు నలభై తొమ్మిదేళ్ళు వచ్చినా ఆవిడకి నేను పిల్లనే.

పదకొండింటికి కాఫీ. నూనె కాగితంలో చుట్టి తెచ్చుకున్న రొట్టె ముక్కలు, మీద గోధుమరంగు జున్ను. ఇరవై అయిదేళ్ళలో ఆ జున్ను మారలేదు. మారిందల్లా క్లిప్పుల మీద ఉపన్యాసం. ఒక్కోసారి ఒక్కో చోట మొదలయ్యేది.

"ముందు గుండుసూదులుండేవి తెలుసా? గుమాస్తాల వేళ్ళన్నీ చిల్లులే. కాగితానికీ చిల్లులే. తర్వాత ఉక్కు తీగ చవకయింది. వంచితే వంగాలి, వదిలితే కొంచెం వెనక్కి రావాలి. మరీ మెత్తనైతే పట్టుకోదు, మరీ బిరుసైతే వంగదు. ఆ మధ్య రకం తీగ దొరికాకే క్లిప్పు పుట్టింది."

"పుట్టించింది మనవాడే కదా," అనేదాన్ని, కావాలనే. ఆవిడకి ఒళ్ళు మండించడం నాకొక సరదా.

ఈ దేశంలో ఎవర్నడిగినా అదే చెబుతారు. క్లిప్పు కనిపెట్టింది మన నార్వే వాడని. బడిలో అలాగే నేర్పారు. ఓస్లో పక్కన ఏడు మీటర్ల క్లిప్పుని నిలబెట్టి మరీ చూపిస్తున్నారు.

"మనవాడు పేటెంటు తీసుకున్న మాట నిజం," అనేది దాగ్నీ, జున్ను నములుతూ. "బొమ్మ చూశావా ఎప్పుడైనా? చూడవు. ఎవరూ చూడరు. మనవాడి క్లిప్పుకి లోపలి మలుపు లేదు. ఆ ఆఖరి మలుపు లేకపోతే కాగితం దూరదు, దూరినా నిలవదు. దాన్నెవడూ తయారే చెయ్యలేదు. ఇదిగో, నీ వేళ్ళ మధ్య ఉన్నది, జెమ్ క్లిప్పు, బ్రిటన్ సరుకు. మనవాడు పేటెంటు రాసేనాటికే అక్కడ అమ్ముతున్నారు. ఎవడు కనిపెట్టాడో పేరు కూడా సరిగ్గా తెలీదు. ఏడు మీటర్లు నిలబెట్టిందీ మనవాడిది కాదు. ఊరందరూ ఒకటే మాట చెబితే అది నిజమైపోతుందా?"

ఆ ఆఖరి ప్రశ్న దగ్గర గొంతు కొంచెం మారేది. ఎందుకు మారుతోందో నాకు తెలుసు. ఊళ్ళో అందరికీ తెలుసు. తెలుసుననే అనుకున్నాం.

దాగ్నీ నాన్న హాల్వర్ బడిపంతులు. మా నాన్న సిగుర్ద్ కూడా అదే బడిలో పంతులు. ఇంకో ఇద్దరు, పేడర్, అస్లాక్. మొత్తం నలుగురు. జర్మన్లు మా దేశాన్ని ఆక్రమించిన ఏడాది, నలభైలో, ఆకురాలు కాలంలో నలుగురూ కోటు కాలరుకి క్లిప్పు పెట్టుకుని బడికి వచ్చారు. ఓస్లోలో విద్యార్థులు మొదలుపెట్టిన పని అది. అంటిపెట్టుకుని ఉంటాం, విడిపోం అని చెప్పకుండా చెప్పడం. మాట్లాడితే జైలు, క్లిప్పుకి ఏమంటారు? తర్వాత దానికీ జైలే అన్నారనుకోండి. మా నాన్న పెట్టుకున్న క్లిప్పు ఇప్పటికీ బడి గోడ మీద అద్దాల చట్రంలో ఉంది.

నలభై రెండులో జర్మన్లు నిలబెట్టిన కొత్త ప్రభుత్వం పంతుళ్ళందరూ తమ సంఘంలో చేరాలంది. చేరబోమని దేశమంతటా పంతుళ్ళు ఒకే మాటలతో ఉత్తరాలు రాశారు. మా ఊళ్ళో నలుగురూ రాశారు. మార్చిలో పోలీసులొచ్చి పేడర్నీ అస్లాక్‌నీ పట్టుకుపోయారు. పడవలో ఉత్తరానికి, మంచులో మూటలు మొయ్యడానికి. పేడర్ దగ్గుతో తిరిగొచ్చాడు. అస్లాక్ తిరిగొచ్చినా మళ్ళీ పాఠం చెప్పలేదు. మిగతా ఇద్దరినీ పట్టుకోలేదు. ఎందుకు పట్టుకోలేదో అప్పుడెవరూ అడగలేదు, పట్టుకున్నది పదిమందిలో ఒకరినే.

యుద్ధం అయిపోయాక అడిగారు. నలభై అయిదు మేలో బడి కాగితాలు తెరిచి చూస్తే, హాల్వర్ ఉత్తరం వెనక ఒక చిన్న చీటీ క్లిప్పు పెట్టి ఉంది. పెన్సిలుతో బడి కార్యాలయం గుమాస్తా రాసింది. "నిరాకరణ వెనక్కి తీసుకున్నారు. ఫోనులో చెప్పారు. మార్చి పద్నాలుగు." పేరు లేదు. పేరెందుకు, ఎవరి ఉత్తరానికి గుచ్చితే వాళ్ళదే కదా. రాసిన గుమాస్తా అప్పటికి చనిపోయాడు.

అంతే. హాల్వర్ చారలవాడైపోయాడు. అటూ ఇటూ కాకుండా ఉన్నవాళ్ళని అప్పట్లో అలాగే అనేవారు. జైల్లో పెట్టలేదు, కొట్టలేదు. పలకరించడం మానేశారు. చర్చిలో ఆయన కూర్చున్న బల్ల ఖాళీగా ఉండేది. బడి వదిలేసి చేపల రేవులో తక్కెడ దగ్గర కూర్చున్నాడు. మొదట్లో కనిపించిన వాళ్ళందరికీ ఒకటే చెప్పేవాడట. "నేను ఫోను చెయ్యలేదు. మా ఇంట్లో ఫోనే లేదు కదా." దానికి ఊరు, "కొట్లో ఉందిగా," అనేది. కొన్నాళ్ళకి చెప్పడం మానేశాడు. అరవై ఒకటిలో పోయాడు.

ఆ చీటీ బయటపడ్డ నలభై అయిదులో దాగ్నీకి పదిహేడేళ్ళు, చారలవాడి కూతురు. ఆ ఏడాది మే పదిహేడు జాతీయ దినం ఊరేగింపులో జెండా పట్టుకునే వరసలో ఆవిడ పక్కన ఎవరూ నిలబడలేదని నాకు వేరేవాళ్ళు చెప్పారు. ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. పెళ్ళి చేసుకోలేదు. అడిగినవాడు ఒకడున్నాడని, వాడి తల్లి సాగనివ్వలేదని అంటారు. ఊరు వదిలిపోతే సరిపోయేది. ఎందుకు పోలేదో నాకు అర్థమయ్యేది కాదు. పోకపోగా, అరవై నాలుగులో అదే ఊరి ఆఫీసులో, ఆ కాగితాలున్న గదిలోనే ఉద్యోగంలో చేరింది.

చేర్పించింది మా నాన్న.

మా నాన్న అప్పటికి హెడ్మాస్టరు, ఊరికి పెద్ద. హాల్వర్ కుటుంబంతో మాట్లాడిన మనిషి ఊళ్ళో ఆయనొక్కడే. ప్రతి క్రిస్మస్‌కీ మా అమ్మ చేత యాలకుల రొట్టె ఒకటి ఎక్కువ చేయించి, గుడ్డలో చుట్టుకుని, మంచులో వాళ్ళింటికి నడిచి వెళ్ళేవాడు. చిన్నప్పుడు నేను వెంట వెళ్ళేదాన్ని. దాగ్నీ వాళ్ళమ్మ, "లోపలికి రండి, కాఫీ పెట్టాను," అనేది. నాన్న గుమ్మంలోనే నిలబడి రొట్టె ఇచ్చి, "పనుంది, పనుంది," అని వచ్చేసేవాడు. ఒక్కసారీ గడప దాటలేదు. దారిలో నేను, "కాఫీ ఎందుకు తాగవు నాన్నా?" అంటే టోపీ సర్దుకునేవాడు. ఊరంతా అనేది, ఎంత పెద్ద మనసు సిగుర్ద్‌ది, చారలవాణ్ణి కూడా వదల్లేదని. నేనూ ఛాతీ విరుచుకుని తిరిగేదాన్ని. మా ఇంట్లో నల్ల ఫోనుండేది, ఊళ్ళో ఉన్న ఆరింటిలో ఒకటి. దాన్ని చూసీ ఛాతీ విరుచుకునేదాన్ని. నా మొహం.

దస్త్రాల గదిలో దాగ్నీ కుర్చీ వెనక ఒక ఉక్కు బీరువా. అందులో యుద్ధకాలపు కాగితాలు, యాభై ఏళ్ళ దాకా తెరవకూడదని సీలు. తాళం చెవి గోడ మేకుకే వేలాడేది, మా ఆఫీసరు త్రిగ్వే తన గదిలో పెట్టుకోవడం మర్చిపోయి. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆవిడ వీపుకీ ఆ బీరువాకీ మధ్య మూడడుగులు. చెయ్యి వెనక్కి చాపితే చెవి అందేది. తెరవలేదు. ఒకసారి నేనే ఉండబట్టలేక, "ఎవరూ లేరు, చూసుకోరాదూ," అన్నాను. నా వైపు చూసిన చూపుకి కాఫీ వొలకబోసుకున్నాను.

"సీలుంది కదా," అంది.

"ఉంటే?"

"ఉంటే ఏమిటి, ఉంటే! నేను దొంగతనంగా చూసి, మా నాన్న తప్పు చెయ్యలేదంటే ఎవరైనా నమ్ముతారా? తప్పు చేశాడని తేలితే మళ్ళీ ఎలా మూస్తాను?"

సరే, తొంభై అయిదు వచ్చింది. దేశానికి స్వేచ్ఛ వచ్చి యాభై ఏళ్ళు. మే ఎనిమిదిన బడి గోడకి ఇత్తడి పలక పెట్టాలని ఊరు తీర్మానించింది. లొంగని పంతుళ్ళ పేర్లు. పేడర్, అస్లాక్, సిగుర్ద్. బతికున్నది మా నాన్న ఒక్కడే, ఎనభై అయిదేళ్ళు, వృద్ధాశ్రమంలో ఉన్నాడు. గుడ్డ తీసి పలక ఆవిష్కరించేది ఆయనే. పేర్లు చెక్కేవాడికి ఇవ్వాల్సిన పని నాది.

ఏప్రిల్ మొదటి సోమవారం త్రిగ్వే మేకు మీది తాళం చెవి తీసి మా బల్ల మీద పెట్టాడు. "సీలు గడువయిపోయింది. రన్వేగ్, ఒకసారి ఫైలు చూసి పేర్లు ఖాయం చెయ్యి. శుక్రవారానికి చెక్కేవాడికి అందాలి. దాగ్నీ, నీకు అభ్యంతరమైతే..."

"నా పని క్లిప్పులు తీయడం," అంది దాగ్నీ. "ఇలా ఇవ్వు."

జూన్‌లో ఆవిడ రిటైరవుతోంది. నాకు లోపల గాభరాగా ఉంది. పాపం, ఆ చీటీ కళ్ళతో చూస్తే ఏమైపోతుందో అని. ఆవిడ బీరువా తెరిచి ఫైలు బయటికి తీసింది. ఫైలు అట్ట మీద గుమాస్తా సిరాతో రాసి ఉంది, లోపల కాగితాలు అయిదు అని. తెరిచింది. నాలుగు ఉత్తరాలు, ఒక చీటీ. ఉత్తరాలు పెద్ద కాగితాలు, నడిమికి మడిచి, విచ్చుకోకుండా ఒక్కోదానికి ఒక్కో క్లిప్పు పెట్టే పద్ధతి. యుద్ధం నాటి నాసిరకం ఇనుము. బడి సెల్లారు సముద్రం వొడ్డున. మూడేళ్ళలోనే ఎర్రగా తుప్పెక్కి కాగితంలోకి దిగిపోయాయి.

పేడర్‌ది తీసింది. అస్లాక్‌ది తీసింది. తన నాన్నది ఎత్తింది. వెనక చీటీ ఉంది. క్లిప్పు ఉంది. రేకు జొనపబోయి ఆగింది, తర్వాత మెల్లగా క్లిప్పు తీసి పక్కన పెట్టింది. ఉత్తరం తిప్పి చూసింది. మళ్ళీ ఈ వైపు చూసింది. మా నాన్న ఉత్తరం తీసుకుని, దానికి క్లిప్పు లేదు, ముందు చూసింది, వెనక చూసింది. చీటీ వెనక చూసింది. మొత్తం ఒక నిమిషం పట్టి ఉండదు. తర్వాత నాలుగు ఉత్తరాల్నీ చీటీనీ ఎలా ఉన్నవి అలాగే వరసలో పెట్టి, నూలు పట్టీ కట్టి, నా వైపు తోసింది.

"అయింది," అంది.

"ఏమయింది? ఏమైనా ఉందా?"

"అయిదు కాగితాలు. అట్ట మీద ఎన్నని రాసుందో అన్నే."

అంతేకాదు. పేడర్, అస్లాక్‌ల క్లిప్పులు సీసాలో వేసింది గానీ, తన నాన్న ఉత్తరానికున్న క్లిప్పుని సీసాలో వెయ్యలేదు. నా కాఫీ సాసర్లో పెట్టి, కోటు వేసుకుని వెళ్ళిపోయింది. మూడింటికే. ముప్ఫై ఒక్క ఏళ్ళలో నాలుగింటికి ముందు వెళ్ళలేదు ఆవిడ.

నాకు ఏమీ అంతుబట్టలేదు. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. కోప్పడుతుందనుకున్నాను, పడలేదు. సాసర్లో క్లిప్పు ఏమిటి? మర్చిపోయిందా? మర్నాడు రాలేదు, ఒంట్లో బాలేదని ఫోను చేసింది. బుధవారమూ రాలేదు. నేను పేర్లు టైపు చేసి పెట్టుకున్నాను. మూడు పేర్లు. కవరులో పెట్టి, మూసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ మూసి. ఛీ, ఏమిటీ పిచ్చి అని నన్ను నేను తిట్టుకున్నాను. సాసర్లో ఆ క్లిప్పు మెరుస్తూ కూర్చుంది.

మెరుస్తూ.

అప్పుడు గాని బుర్రలో పడలేదు. మిగతావి పట్టుకుంటే పొడి రాలేలా తుప్పు. ఇది కొత్త పెళ్ళికూతురి ఉంగరంలా తళతళ. ఒకే రోజున, ఒకే గుమాస్తా, ఒకే పెట్టెలోంచి తీసి పెట్టిన క్లిప్పులు కదా? ఇదొక్కటి ఎందుకు తుప్పు పట్టలేదు?

ఫైలు విప్పాను. క్లిప్పు ఒకటి చేతిలో పట్టుకుంటే మీకూ తెలుస్తుంది. బయటి మలుపు పెద్దది, లోపలి మలుపు చిన్నది, కాగితాలు ఆ రెండింటి మధ్య దూరతాయి. ముందువైపు చిన్న నాలుక ఆనుతుంది, వెనకవైపు పెద్ద నాలుక. తుప్పు పడితే మొదటి కాగితం ముఖం మీద చిన్న గుర్తు, ఆఖరి కాగితం వీపు మీద పెద్ద గుర్తు. ఆ లోపలి మలుపు గురించి ఇరవై అయిదేళ్ళు కాఫీతో పాటు తాగించింది ఆవిడ, నేను ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేశాను.

పేడర్ ఉత్తరం. ముందు చిన్న గుర్తు, వెనక పెద్ద గుర్తు. అస్లాక్‌దీ అంతే. హాల్వర్‌దీ అంతే. ముందు చిన్నది, వెనక పెద్దది. అంటే తుప్పు పట్టిన ఆ మూడేళ్ళూ హాల్వర్ ఉత్తరం వెనక ఇంకే కాగితమూ లేదు. ఉంటే పెద్ద గుర్తు ఆ కాగితం మీద పడేది, ఉత్తరం మీద కాదు. చీటీ తిప్పాను. ముందు ఏమీ లేదు. వెనక పెద్ద గుర్తు. దీనికి ముందు ఎవరిదో ఒక ఉత్తరం ఉండి తీరాలి, ముందు గుర్తుండి వెనక గుర్తు లేని ఉత్తరం.

నాలుగోది మా నాన్నది. ముందు చిన్న గుర్తు. వెనక తెల్లగా, కడిగినట్టుంది.

ఎన్నిసార్లు తిప్పానో. తప్పు చూశానేమోనని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. బల్ల మీద కొత్త కాగితాలు పెట్టి, క్లిప్పులు పెట్టి తీసి, పెన్సిలుతో గుర్తులు గీసి, ఇలాగైతే ఎలా, అలాగైతే ఎలా అని పిచ్చిదానిలా లెక్కలు వేశాను. ఎలా వేసినా అదే వచ్చింది. మొదట దాగ్నీ మీద మండిపడ్డాను. ఈవిడే ఏదో చేసిందని. ఏం చేస్తుంది, నా కళ్ళ ముందే తీసింది కదా. తుప్పుని ఎవరు రాయగలరు? తర్వాత ఇంకోటి గుర్తొచ్చింది. నలభై అయిదు మేలో బడి కాగితాల్ని సెల్లారులోంచి తీసి, సంచిలో పెట్టుకుని, స్వయంగా ఆఫీసుకి తెచ్చి అప్పగించింది మా నాన్న. ఆ సంగతి ప్రతి సభలోనూ చప్పట్లతో చెప్పేవారు.

గురువారం పొద్దున్న నాన్న దగ్గరికి వెళ్ళాను. కిటికీ పక్క కుర్చీలో దుప్పటి కప్పుకుని ఉన్నాడు. ఆవిష్కరణకి వేసుకోవాల్సిన కోటు హ్యాంగరుకి వేలాడుతోంది. క్లిప్పు తీసి ఆయన అరచేతిలో పెట్టాను.

"నాన్నా, ఇది గుర్తుందా?"

అటూ ఇటూ తిప్పాడు. "గోడ మీది క్లిప్పు కాదు ఇది. అది తుప్పు పట్టింది."

"కాదు. మరి ఇదేది?"

"స్వీడన్ సరుకు." ఆయన గొంతు మామూలుగానే ఉంది. "యుద్ధం అయ్యాక వచ్చింది. కొట్టువాడు చెప్పాడు, ఇది తుప్పు పట్టదు సిగుర్ద్, అని."

నేను మంచం అంచు మీద కూర్చున్నాను.

"హాల్వర్ ఇంట్లో ఫోను లేదు," అన్నాడు నాన్న, కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ. "ఎప్పుడూ అదే అనేవాడు. నిజమే. లేదు."

"మనింట్లో ఉంది."

"ఉంది. మీ అక్క కడుపులో ఉంది మీ అమ్మకి. రేవులో పడవ ఆగి ఉంది. ఒక్కసారే చేశాను."

"చీటీ చించెయ్యొచ్చు కదా నాన్నా! ఆయన మెడకెందుకు కట్టావు?"

నా గొంతు విని నర్సు తలుపు దగ్గర తొంగిచూసి వెళ్ళింది. నాన్న నా వైపు తిరిగాడు. నిజంగానే అర్థంకానట్టు చూశాడు, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు.

"ఎలా చించుతానే? అట్ట మీద అయిదు కాగితాలని రాసుందిగా."

లెక్క తప్పకూడదట. కాగితం చించడం తప్పు. పాపం అంతటి నియమం గల మనిషి మరి! ఏడవాలో నవ్వాలో తెలియక, దుప్పటి సర్ది, వచ్చేశాను. వెనక నుంచి, "రొట్టె ఇచ్చావా వాళ్ళకి?" అని అడుగుతున్నాడు. ఏప్రిల్‌లో.

ఆఫీసుకి వెళ్ళి కవరు చించాను. మళ్ళీ టైపు చేశాను. పేడర్. అస్లాక్. హాల్వర్. మూడో పేరు దగ్గర వేలు మీట మీద చాలాసేపు ఉండిపోయింది. త్రిగ్వేకి చూపించాను. కాగితాలు చూపించాను, చిన్న గుర్తు, పెద్ద గుర్తు. ఆయన తెల్లబోయి, "నీకేమైనా పిచ్చా రన్వేగ్? మీ నాన్న..." అన్నాడు.

"మా నాన్నే. అందుకే నేను చెబుతున్నాను. పేర్లు ఇవ్వాల్సింది నేనేగా?"

సాయంత్రం దాగ్నీ ఇంటికి నడిచాను. చిన్నప్పుడు నాన్న వెంట నడిచిన దారే. తలుపు తీసి, నన్ను పై నుంచి కింద దాకా చూసింది. ఒంట్లో బాగాలేని మనిషిలా ఏమీ లేదు.

"చూశావు కదా నువ్వు," అన్నాను, పలకరింపు కూడా లేకుండా. "సోమవారమే చూశావు."

"చూశాను."

"ఎందుకు చెప్పలేదు? నాలుగు రోజులు నన్ను వెర్రిదాన్ని చేశావు!"

"నేను చెబితే ఎవరు నమ్ముతారు? చారలవాడి కూతురు, తండ్రి మీద ప్రేమ కొద్దీ ఏదో తుప్పు చూపిస్తోందంటారు." తలుపు గొళ్ళెం మీద చెయ్యి తీయకుండా అంది. "ఇరవై అయిదేళ్ళు నీకు కాగితం చదవడం నేర్పాను పిల్లా. చదువుతావో లేదో చూద్దామని. చదివినా, చెబుతావో లేదో చూద్దామని."

"చెప్పకపోతే?"

"సాసర్లో క్లిప్పు ఎందుకు పెట్టాననుకున్నావు? రోజూ దాని పక్కనే కాఫీ తాగుతావని."

ఒళ్ళు మండిపోయింది నాకు. ఆవిడ మీదా, నా మీదా, ఎవరి మీదో తెలియలేదు. కాగితం చేతిలో పెట్టాను. కళ్ళజోడు తెచ్చుకుంది. గుమ్మంలోనే నిలబడి, ఒక్కో పేరు మీద వేలు పెట్టి చదివింది. మూడో పేరు మీద వేలు ఆగింది. అక్షరం అక్షరం మీదుగా మెల్లగా జరిగింది, తుప్పు గుర్తు తడిమినట్టే.

"సిగుర్ద్ పేరేది?"

"లేదు."

"పాపం, కోటు కుట్టించుకున్నాడుగా," అంది. ఎగతాళి చేస్తోందో నిజంగా జాలిపడుతోందో ఈ రోజుకీ తెలియదు. కాగితం మడిచి చేతిలోనే పెట్టుకుంది. "ఆ యాలకుల రొట్టె మా నాన్న ఎప్పుడూ ముట్టలేదు," అంది తర్వాత. "అమ్మా ముట్టేది కాదు. నేనే తినేసేదాన్ని. ఎంత బావుండేదో. తిన్నాక సిగ్గేసేది."

నేను వెళ్ళొస్తానన్నాను. పనుందని చెప్పబోయి, ఆ మాట నోట్లోనే ఆగిపోయింది.

"కాఫీ పెట్టాను," అంది దాగ్నీ, తలుపు ఇంకొంచెం తెరుస్తూ. "వస్తావా? మీవాళ్ళెవరూ ఇంతవరకు రాలేదు."

బూట్లు విప్పి లోపలికి వెళ్ళాను.